ఆరడుగుల లోతు

తలుపు కొంచెం బిగువు, భుజంతో నెట్టండి.
వానకి ఉబ్బుతుంది. ఓల్డామ్‌లో వాన లేని రోజేది?

ఇది ఈతకొలను.
అంటే, ఒకప్పుడు.
నూలుమిల్లు వాళ్ళు శనివారం సాయంత్రాలు
జుట్టులో ఇరుక్కున్న దూది వదిలించుకోడానికి వచ్చిన చోటు.
టికెట్ కిటికీ మీద ఇంకా చెరగలేదు చూడండి:
తువ్వాలు అద్దెకు, ఒక పెన్నీ.
ఇప్పుడా కిటికీలోంచి
తోలుబొమ్మలు తొంగిచూస్తాయి.

నీళ్ళు తోడేశాక పదకొండేళ్ళు
పావురాలు కాపురమున్నాయి.
కౌన్సిల్ కూల్చేద్దామంది.
గట్టున ఈల పట్టుకుని ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డ
విల్ఫ్ గ్రిమ్‌షా మాత్రం
తాళాలు పోయాయన్నాడు,
జేబులో గలగలమంటుండగానే.
పిల్లలు వీధిలో తడుస్తున్నారని
ఎదురింటి రుఖియా ఆపా
మొదట ఏడుగురిని
బొగ్గు దించే తలుపులోంచి లోపలికి పంపింది.
మిగతా చరిత్ర ఇత్తడి ఫలకం మీద ఉంది.
అందులో వీళ్ళిద్దరూ లేరు.

బట్టలు మార్చుకునే అరలు నలభై రెండు.
ఒక్కోదాంట్లో ఒక పిల్ల, ఒక పుస్తకం పడతాయి.
పదిహేడో అరలో డ్రమ్ములు,
ఆ పక్క అరల్లో ఎవరూ చదవరు.
బాయిలర్ గదిలో మట్టిబొమ్మలు కాలతాయి.
మరుగుదొడ్లు కుడివైపు,
వేడినీళ్ళు వస్తాయి, కాస్త ఓపిక పట్టాలి.

ఇక నాటకశాల.
లోతు తక్కువ వైపు నుంచి దిగండి, వాలు జాగ్రత్త.
వేదిక అటు చివర,
తెల్ల పలకల మీద నల్లగా
ఆరడుగులు అని రాసున్న గోడ కింద.
మూడడుగుల పిల్లలు అక్కడ నిలబడి
గొంతెత్తుతారు.
ఎవరూ మునగరు.
సరే, పోయినేడు తుషార మునిగింది,
రెండో అంకంలో మాటలు మరిచిపోయి.
ముందువరస పిల్లలంతా పెదాలతో అందించి
పైకి లాగారు.

మొన్న ఒకావిడ వచ్చింది, తొంభైకి దగ్గర.
గురువారాలు ఆడవాళ్ళవి, అంది నాతో,
నేనేదో కాదన్నట్టు.
వాలు మొదట్లో ఆగి
బూట్లు విప్పింది,
మేజోళ్ళు మడిచి వాటిలో దోపింది,
గోడ పట్టుకుని దిగింది.
రిహార్సల్ ఆగిపోయింది.
పిల్లలు నవ్వలేదు.
ఒక్కొక్కరే వాళ్ళూ విప్పారు.

ఆ సాయంత్రం నుంచి నాకొకటి పట్టుకుంది.
అందరూ వెళ్ళాక ఊడవడానికి దిగుతానా,
నాలుగడుగుల గీత దాటేసరికి
చీపురు గుండెలకి ఆనించుకుని
ఊపిరి బిగబడతాను.

ఈత రాదు నాకు.
లైట్ల స్విచ్చేమో
పైగట్టు మీద.