వంతెన నిద్రపోయాక

విత్తనం అంటాం గానీ, పసుప్పచ్చ దుమ్ము.
చిటికెడులో ఒక జిల్లా జనాభా.
ఊపిరి గట్టిగా వదిలితే వంశం లేచిపోతుంది.

చేపలు చచ్చిపోయాక మిగిలిన గాజు తొట్టెను
పక్కకి పడుకోబెట్టి, బ్లీచింగుతో కడిగి,
అందులోకి చేతులు మాత్రం దూర్చి,
కుక్కర్లో ఉడికించిన సీసాల్లోకి,
అరటిపండు గుజ్జు కలిపి గడ్డకట్టించిన జావ మీదికి
ఆ దుమ్మును దించుతున్నాను.
సరిగ్గా అప్పుడే ఇవోనీ తుమ్మింది.

పన్నెండు సీసాలు.
వారం తిరిగేసరికి పదకొండింటిలో బూజు దుప్పటి నేసింది.
ఒక్కదాంట్లో ఆకుపచ్చ చుక్కలు,
గుండుసూది మొనలంత.
"నా తుమ్ముకి తట్టుకున్నవి," అంది ఇవోనీ,
"ఇంక దేనికీ చావవులే."

పద్నాలుగో అంతస్తు, సావో పాలో.
కిటికీ కింద పైవంతెన.
ఊరంతా దాన్ని పెద్ద వానపాము అంటారు.
పగలల్లా దాని మీద పాకే బస్సుల మసి
మెట్లెక్కకుండానే మా ఇంటికొస్తుంది.
ఆదివారాలు తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తాను,
పిల్లల చెవుల వెనక తుడిచినట్టు.
మాకు పిల్లల్లేరు.
ఆ చెవులు నాకెలా గుర్తొచ్చాయో తెలీదు.

లిఫ్టులు బాగుచేస్తాను నేను.
తీగ, కప్పీ, బరువుకి ఎదురు బరువు,
లెక్క తప్పితే మనుషులు పడతారు.
అలవాటు కొద్దీ పువ్వుకీ లెక్క కట్టాను:
తల్లి వైపు నుంచి పసుపు,
తండ్రి వైపు నుంచి ఎర్రటి పెదవి.
తండ్రికి అమ్మమ్మ ఒకతె ఉంది,
సముద్రపు రాళ్లని పట్టుకు బతికిన సన్నాకుల తెల్లపిల్ల.
ఆమె పేరుకెదురుగా పెన్సిలుతో రాశాను:
ప్రభావం, సున్నా.

ఏడేళ్లు.
ఇవోనీ ఆసుపత్రిలో మూడు వార్డులు మారింది.
భవనానికి రెండుసార్లు రంగు మారింది.
పిల్లి ఒక మొక్కని నమిలి, నచ్చక,
మిగతావాటి జోలికి పోలేదు.
జూలై చలిలో, ఒక్క కుండీలో,
ఆకు సందున మొగ్గ వేలు చూపించింది.

విచ్చింది.
పసుపు లేదు. ఎరుపు లేదు.
పాలెక్కువైన కాఫీ రంగు.

శనివారం పొద్దున్న పదింటికి సంఘం బల్ల మీద పెట్టాను.
హిగషియామా గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
చాలాసేపు చూశారు.
"రేకు మెలి తిరిగింది. పెదవి వేలాడుతోంది. రంగు..."
మాట కోసం వెతికి,
"ఉంది," అన్నారు.
"కుండీ ఖాళీ చేసుకో, అన్సెల్మో."
దయతోనే అన్నారు.

మెట్రోలో మోకాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చి
బట్టలుతికే మిషను మీద పెట్టి పడుకున్నాను.

రాత్రిళ్లు వంతెన మీదికి బండ్లు రానివ్వరు.
రెండింటికి ఇవోనీ డ్యూటీ దిగి వచ్చి
బూట్లు విప్పకుండానే నన్ను తట్టి లేపింది.
"ఎవరొచ్చారు?"
"ఎవరూ రాలేదే."
"ఎవరో ఆవిడ. అత్తరు పూసుకుని."
నా చొక్కా వాసన చూసింది. దిండు చూసింది.
స్నానాలగది తలుపు కొట్టి మరీ తెరిచింది.
ఆ తర్వాత ముక్కు వెంబడే నడిచి
మిషను ముందు ఆగిపోయింది.

నిమ్మతొక్క. ఎండలో ఆరిన దుప్పటి.
ఇంకేదో, మా ఇద్దరికీ పేరు తెలియంది.
వంటింట్లో దీపం వెయ్యలేదు మేము.
తెల్లపిల్ల వచ్చింది,
నాలుగు తరాలు దాటి, పద్నాలుగు అంతస్తులెక్కి,
నేను నలభై ఏళ్లుగా నిద్రపోతున్న వేళకి.

రబ్బరు కోసం సొరుగంతా వెతికాను, దొరకలేదు.
సున్నా అలాగే ఉంది.

ఆరింటికి మొదటి బస్సు వంతెనెక్కింది.
వంగి చూశాను, వాసన లేదు.
మెలి తిరిగిన రేకు, వేలాడే పెదవి,
అంతే.
ఇవోనీ బూట్లతోనే నిద్రపోతోంది.
నేను గడియారం తీసి
రాత్రి రెండింటికి అలారం పెట్టుకున్నాను.