మెడ వరకే

చిన్నబజారు సందులో
పేరాచారి కొట్టుకి పొద్దుగూకినాకే పోతా.
వెలుతురులో ఇత్తడి అబద్ధం చెప్తుందంటాడాయన.

సంచిలో రెండొందల తూటా డొప్పలు,
మా రైఫిల్ క్లబ్బు పిల్లకాయలు కాల్చినవి.
ఎన్నిసార్లు పేలితే అన్ని చుక్కలు
అడుగున నేనే పెడతా, చాకలి గుర్తుల్లాగా.

బిందెలు కొట్టిన చెయ్యి ఆయనది.
స్టీలొచ్చి బిందెలు పోయినాయి,
సుత్తి మటుకు గోడకుండాది.
తుపాకి ముఖమెరగని మనిషి
మొదటిరోజే ఒక డొప్పని గోటితో మీటి
"దెబ్బలు తిని తిని బిగుసుకుపోయింది అబ్బయా,
ఇంకోసారికి మెడకాడ చీలుద్ది" అన్నాడు.
"అచ్చులో నువ్వు గూడా మరీ అదమబాక.
తుపాకి అడిగినంతే తొయ్యి."

పళ్ళెంలో వేలెడు నీళ్లు.
పెన్నలో నడుంలోతున నిలబడ్డ జనం లాగా డొప్పలు.
పేలుడు మోసేది అడుగు,
అది గట్టిగానే ఉండాల.
మెత్తబడాల్సింది మెడ, మెడ వరకే.

లైటు తీసేస్తాడు.
గ్యాసు మంట నీలంగా బుసకొడతది.
ఆయన అంకెలు లెక్కపెట్టడు,
ఎరుపు ఇంకా ఎరుపు కాకముందు
ఉందా లేదా అన్నట్టుండే ఒక రంగు కోసం చూస్తాడు.
కనపడంగానే పుల్లతో ఒక్క తోపు.
చుయ్.

ఆ రంగు నా కంటికి అందడానికి మూడు నెలలు.
ఈలోగా ఎనభై డొప్పలు మాడ్చా.
మాడిన మెడ వేళ్లతో నొక్కితే సొట్టపోతది.
తిట్టలేదాయన. "తొందర" అన్నాడు, అంతే.

వంచిన తీగె లోపలికి పోనిచ్చి
అడుగుకి కాస్త పైన గాడి తగిలితే
ఆ డొప్పని డాల్డా డబ్బాలో పడేస్తాడు.
దాన్ని మళ్లీ నింపే మాటే లేదు,
ఎవురు బతిమాలినా.

మొన్న నాలుగు చుక్కలకే చచ్చేవి
ఇప్పుడు పదకొండో చుక్క మోస్తుండాయి.

ఈ ఏడు ఆయన కళ్లకి పొర కమ్మింది.
ఆపరేషనంటే సంక్రాంతి పోనీ, ఎండాకాలం పోనీ అంటాడు.
చీకట్లో మంట నా చేతిలో, పుల్ల ఆయన చేతిలో.
"వచ్చిందా?"
"లా."
"వచ్చిందా?"
"ఆఁ, తొయ్యి."
చుయ్.

చెవి అటు తిప్పి కాసేపు ఊరకుండి
"రెప్పపాటు ముందే చెప్పినావు అబ్బయా" అన్నాడు,
"నీళ్లు సరిగ్గా అరవలా."