పావు చుట్టు

మా బేసిన్ కింద కారిన నీళ్లు
మా ఇంట్ల పడలే.
స్లాబు సందుల నుంచి దిగి
కింద ఓదెలు తాత మగ్గం మీద పడ్డయి,
జంపఖానా ఎర్ర పడుగు మీద,
చుక్క తర్వాత చుక్క.

ఆయన పైకొచ్చి కొట్లాడలే.
ఫ్యాను కొక్కేనికి తాడేసి
చుక్క పడే కాడ స్టీలు గ్లాసు కట్టుకొని
నాడె ఆడిస్తనే ఉన్నడు.
కొత్తవాడల రాత్రి పదింటికి మగ్గం ఆగుతది.
ఆగినంక, కింద, టక్.
మా ఆయన అది బల్లి అన్నడు.

మొదటి ప్లంబరు నట్టు బిగించిండు.
రెండో ఆయన ఇంకింత బిగించిండు.
మూడో పిలగాడు గోడకు కాలు తన్నిపెట్టి
పానా పట్టి గుంజిండు.
పింగాణిల వెంట్రుకంత గీత లేచింది.
"ఇగ రాదక్కా" అని పైసలు తీసుకున్నడు.
వాడు మెట్లు దిగకముందే వచ్చింది.

నాలుగో మనిషి యాకూబ్, మట్టెవాడ నుంచి,
సైకిలు హ్యాండిలుకు గోనెసంచి.
వచ్చీ రాంగనే ఉన్న నట్టు విప్పిండు.
నా పానం జల్లుమన్నది.

రబ్బరు వాషరును వెలుతురుకు పట్టి చూసిండు.
"దీన్నెందుకు తిట్టిన్రు? ఇది మంచిగనే ఉన్నది.
గీ కప్లింగు పక్కల సందు చూడమ్మా,
బేసిన్ నిండితె పొంగకుండ దిగేటందుకు పెట్టిన కిటికీ.
నీళ్లు అండ్లకెల్లొచ్చి
మర చుట్ల మీద తిరుక్కుంట తిరుక్కుంట
మినారు మెట్లు దిగినట్టు దిగుతున్నయి.
వాషరు వాకిట్ల కావలున్నది,
దొంగ ఇంట్లనే ఉన్నడు."

సంచిల చెయ్యి పెట్టి టేపు తీసిండు:
ఉత్త చక్రమే మిగిలింది.
కిటికీలకెల్లి వంగి కేకేసిండు,
"పెద్దాయనా, ఇంత నూలు!"
"ఎన్నో నెంబరు?"
"నీళ్లాగే నెంబరు."

ఓదెలు తాత పైకొచ్చుడు అదే మొదలు.
చేతిల తెల్ల కండె.
"మర ఎటు తిరుగుతదో అటే చుట్టాలె తాతా,
ఎదురు చుట్టితె నట్టు ఎక్కంగనే ఊడొస్తది—"
"నాకు జెప్తున్నవా" అన్నడు తాత,
ఇత్తడి మెడ గుంజుకొని
పోగు పక్కన పోగు, పోగు పక్కన పోగు.
యాకూబ్ దాని మీద సఫేదా రుద్దిండు.
బొక్క అంచు చుట్టూ పుట్టీని
సకినం చుట్టినట్టు చుట్టిండు.
నొక్కితె నాలుగు దిక్కుల సమంగ ఉబికొచ్చింది,
గోరుతోని గీకి తీసేసిండు.

కింద వాషరు. దాని కింద నట్టు.
చేత్తోనే తిప్పిండు, చెయ్యి ఆగేదాక.
అప్పుడు పానాతోని పావు చుట్టు.
"గంతేనా?"
"గంతే. పింగాణి ఇనుము కాదమ్మా.
నొస్తున్నదని చెప్పదు, ఒక్కసారే పగులుతది."
ఆ వెంట్రుక గీత మీద వేలు రాసిండు.
"ఇది పైపైనే. ఇట్లనే ఉంటది."

తెల్లారేదాక నీళ్లు ముట్టొద్దన్నడు.
కింద పొడి పేపరు పరిచి పోయిండు.
నాలుగింటికి నల్లా వచ్చింది.
బేసిన్ గొంతుదాక నింపి
బిరడా ఒక్కసారే పీకిన.
గుటగుటమని సుడి తిరిగి పోయింది.
సెల్లు లైటేసుకొని పేపరు మీద వేలు అద్దిన.
తడి!
నా వేలిదే.
చీరకు తుడుచుకొని మళ్ల అద్దిన,
టెండరు నోటీసు మీద, చిట్ ఫండు మీద,
ఎవరిదో పెండ్లి ఫోటో మీద.
అంతట పొడి.

చుక్కలు పడ్డ జంపఖానా నేనే కొన్న.
ఒక్క రూపాయి తక్కువ చేయలే ముసలాయన.
ఎరుపు ఇగిరిన మచ్చలు ఏడు,
మా బాత్రూం గడప ముందట.
గ్లాసు మాత్రం ఆయన విప్పలే,
దాంట్ల ఇప్పుడు ఎర్ర నూలు దుమ్ము.

మొన్న రాత్రి, మగ్గం ఆగినంక, టక్.
లేచి కూసున్న.
ఈసారి బల్లే.