నాలుగంగుళాల పల్లం

కొలిచాననే అనుకున్నాను.
టేపు అబద్ధమాడదు, పట్టుకున్న చెయ్యి ఆడుతుంది.
షెడ్డులో దూలం కింద ఏడడుగుల మూడంగుళాలు.
రంపం ఎత్తు ఏడడుగుల ఏడు.
ఆ తేడా నాకు కనబడింది
ట్రక్కు వాకిట్లో ఆగి, డ్రైవరు తాళ్ళు విప్పడం మొదలుపెట్టాకే.

హ్యూన్ నది మలుపులో పడవల షెడ్డు మూసేస్తూ
ఎమ్రిస్ డిరీన్ అమ్మిన పట్టీ రంపం ఇది.
ఒకదాని మీద ఒకటి, నా నడుమెత్తు చక్రాలు రెండు.
పోత ఇనుము.
అరవై ఏళ్ళ జిడ్డు కింద ఆకుపచ్చ రంగు ఉందని
కిరోసిన్ గుడ్డతో రుద్దితే గాని తెలియలేదు.

బరువెంతని అడిగాను.
"చూలుతో ఉన్న ఆవులు రెండు" అన్నాడు.
ధరెంతని అడిగాను.
చాలాసేపు పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఊరుకున్నాడు.
చూపు ఆనని కళ్ళు, కుడిచేతికి మూడే వేళ్ళు.
"నా వాటా ఎప్పుడో కట్టేశాను,
మిగతాది నువ్వివ్వు."
ఎనిమిది వందల డాలర్లు. ఒక షరతు:
మొదటి కోత ఫోనులో వినిపించాలి.

దూలం కోసేద్దామన్నాడు లీత్.
కప్పు కూలాక రంపాన్ని వానలో నడపొచ్చు, అన్నాను.
పైకి పోయే దారి లేనప్పుడు
కిందికే పోవాలి గదా.
రెండు రోజులు కాంక్రీటు పగలగొట్టాం.
స్కూలు బస్సు తోలే చేతులు నావి,
మూడోనాడు స్టీరింగు పట్టుకుంటే
సుత్తి ఇంకా అరచేతుల్లోనే అదురుతోంది.
వెనక సీట్లో పిల్లలు నవ్వుకున్నారు.

ఆ రెండు రాత్రులూ అది టార్పాలిన్ కింద బయటే.
చినుకు పడితే నిద్ర పట్టేది కాదు.
గొడుగూ టార్చీ నూనెగుడ్డా పట్టుకుని వెళ్ళి
దాని బల్లని తుడిచి వచ్చేదాన్ని.
"నాకు జ్వరమొచ్చినప్పుడు ఇన్నిసార్లు లేవలేదు నువ్వు"
అన్నాడు లీత్, దుప్పటిలోంచి.

టోనియా ఆపిల్ తోట ఫోర్కులిఫ్టుతో వచ్చింది.
గుమ్మం దాకా ఇనుప కొమ్ముల మీద,
అక్కడినుంచి నీళ్ళ పైపుల మీద దొర్లించుకుంటూ
ఒక గజం, ఒక బూతుమాట,
ఒక గజం, ఒక బూతుమాట.
పల్లంలోకి దిగినప్పుడు నేల ఒక్కసారి మూలిగింది.
బల్ల నాలుగంగుళాలు కిందికి వచ్చింది.
నేనూ పొట్టిదాన్నే, సరిపోయింది.

రసమట్టం పెట్టాను.
బుడగ నడుమ నిలవనంది.
టీ డబ్బా రేకు కత్తిరించి
ఒక కాలికింద ఒక పొర, ఇంకో కాలికింద రెండు.

ఇంటికి వచ్చేది ఒక్క ఫేజు కరెంటు,
దీనికి మూడు కావాలి.
మార్చే పెట్టె రంపం కన్నా ఖరీదు:
గుర్రం చవక, కళ్ళెం పిరెం.
వంటింటికి కొనాల్సిన పొయ్యి
మరో ఏడాది ఆగుతుంది.

ఆదివారం పొద్దున ఫోను బల్లమీద పెట్టి
మీట నొక్కాను.
ముందు ఒక గొణుగుడు. తర్వాత గాలి. తర్వాత ఈల.
"ఆపు" అన్నాడు ఎమ్రిస్.
"కింది బేరింగుకి దాహంగా ఉంది."
నూనె పోశాను.
"పై చక్రం వెంట్రుకవాసి వెనక్కి వాల్చు."
వాల్చాను.
"ఇంకా. ఊఁ, ఎక్కువైంది."
ఈల సన్నబడి, సన్నబడి, పోయింది.

పలక తోశాను.
పళ్ళు చెక్కని కొరకలేదు, తాగాయి.
వాసన నా ముక్కుకి తగిలే లోపే
అవతలనుంచి "సెలరీటాప్ పైను" అన్నాడు.
"ఎలా తెలిసింది?"
జవాబు లేదు.
ఊపిరి చప్పుడు మాత్రం వినిపిస్తోంది.
"ఇంకొకటి కొయ్యి" అన్నాడు కాసేపటికి.
కోయాల్సిన పనేమీ లేదు.
అయినా ఆ ముక్కనే మళ్ళీ నిలువునా చీల్చాను,
మళ్ళీ చీల్చాను,
అగ్గిపుల్లంత సన్నమయ్యేదాకా.

నిన్న రాత్రి గట్టి వాన.
తెల్లారి చూస్తే
పల్లంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు.
దీన్ని మాత్రం ఎవరూ కొలవలేదు.
మొదటి కోత పొట్టు దోసిట్లో తెచ్చి చల్లాను.
కొంత పీల్చుకుంది.
మిగతా నీళ్ళు తోడుతూ ఉన్నాను,
పిల్లలకి బస్సు వేళ అవుతోంది.