మోకాలెత్తు సముద్రం

ఆ గోడమీది బోర్డు దించకు, కురోడా.
అది అమ్మకానికి కాదు.
అమ్మకానికైనా, నీకు అమ్మను.

సైతామా నుంచి రెండు రైళ్ళు మారి వచ్చావు.
మీ వైపు సముద్రం లేదు, తెలుసు.
ఫోనులో చూసిన అలలు
ఇంకా నీ కళ్ళలో విరుగుతున్నాయి,
ఇంటికప్పంత ఎత్తున, లోపల నీలం గుహతో.
కాస్త ఇటు, తలుపులోంచి చూడు.
నిద్ర లేపితే ఇంకో ఐదు నిమిషాలని
దుప్పటి లాక్కునే పిల్లాడు,
జూన్‌లో మా కుగెనుమా సముద్రం.
ఒక్కో అల ఒడ్డుదాకా వచ్చి
ఎందుకొచ్చిందో మరిచిపోతుంది.

దీనికి కత్తి పనికిరాదు.
వెడల్పు కావాలి. దళసరి కావాలి.
ముక్కు గుండ్రంగా, అడుగు చదునుగా.
అడుగు మరీ వంగిందా,
నీళ్ళని నెట్టుకుంటూ అక్కడే ఆగిపోతుంది.
తోసే బలం అలకి లేనప్పుడు
తేలే బలం బోర్డుకుండాలి.
లెక్క అంతే. మిగతావన్నీ రంగులు.

నీ బరువెంత?
అబద్ధం చెప్పకు, నీళ్ళు ఎలాగూ తూస్తాయి.

ఇదిగో, ఈ తొమ్మిదడుగుల దానిమీద చెయ్యి వెయ్యి.
పసుపు వెలిసిపోయింది.
ముక్కు దగ్గర అతుకు నేను వేసిందే,
ఆ రోజు ముసురు, రెసిన్ ఎంతకీ ఆరలేదు,
తడిమితే నా వేలిముద్ర దొరుకుతుంది.
మోస్తుంటే ఎవరింటి తలుపో
ఊడబీక్కుని పోతున్నట్టుంటుంది.
కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

వాళ్ళు సన్న బోర్డులమీద
నడుందాకా మునిగి కూర్చుని
పొద్దంతా సముద్రాన్ని తిడుతుంటారు,
ఆడలేక మద్దెల ఓడన్నట్టు.
వాళ్ళ మధ్యలోంచి ఇసోబె గారు వెళ్తారు.
డెబ్భై నాలుగేళ్ళు. తోఫు కొట్టు.
మూడింటికి లేచి సోయా రుబ్బి, పాలు విరిచి,
దిమ్మల మీద బరువుపెట్టి వస్తారు.
ఆయన బోర్డూ తోఫు దిమ్మే,
తెల్లగా, మందంగా, మూలలు అరిగిపోయి.
ఎవరూ అల అనుకోని ఒక ముడతని
రెండు బారల్లో అందుకుని,
లేచి, చేతులు వెనక్కి కట్టుకుని,
కొట్టు తెరిచే వేళైందన్నట్టు
నేరుగా ఒడ్డుకొచ్చేస్తారు.
జుట్టు కూడా తడవదు.

గోడమీది దాని సంగతా?
నాదే. నా ఇరవై ఆరో ఏటిది.
అది చాకులా ఉండేది, నేనూ అంతే.
తుఫాను కబురు కోసం రేడియోకి చెవి ఆనించి
ఏడాదికి పదకొండు రోజులు బతికేదాన్ని.
మిగతా రోజులు ఈ గుమ్మంలో కూర్చుని
ఇది సముద్రమా, పంటకాలవా అనేదాన్ని.
అలలు తగ్గాక స్నానం చేద్దామని
కూర్చున్నవాళ్ళ కథ విన్నావు కదా,
నేను అవి లేచేదాకా కూర్చున్నాను.
ఎన్ని వేసవులో ఒకసారి లెక్కేశాను,
మోకాలు కోసి కుట్టాక, ఆసుపత్రి మంచంమీద.
మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.

ఇక నిలబడొచ్చని డాక్టరన్నాడు.
ఎక్కడ నిలబడాలో చెప్పలేదు.
ఈ పసుపుదాని మీద నిలబడ్డాను.
ఆ అల నా కుట్లదాకా కూడా రాలేదు,
ఐనా ఎత్తుకుంది,
ఆ ఎర్రజెండా దగ్గర్నుంచి
ఇదిగో, ఈ వాగు నోటిదాకా.
దారంతా బోర్డు కింద నీళ్ళు
ఏదో గొణుగుతూనే ఉన్నాయి.
సన్నదానిమీద అది వినపడదు.
వినపడిందేమో, నేను వినలేదేమో.

సరే. ఇవాళే కొనక్కర్లేదు.
అద్దెకి తీసుకో, రెండువేల యెన్లు.
మైనం ముందువైపు దాకా రుద్దు,
ధైర్యం వస్తే నడుస్తావు.
ఒడ్డున తిండిపొట్లం విప్పకు,
గద్దలు వేళ్ళతో సహా పట్టుకుపోతాయి.
చిన్నదొచ్చినప్పుడు వెనక్కి తిరిగి
పెద్దదేమైనా ఉందా అని చూడకు.

ఐదింటికల్లా తెచ్చెయ్.
ఇసుక కడిగి.