బెత్తెడు ఖాళీ

పాత స్పీకర్లు విప్పి తీసిన
రెండు అయస్కాంతపు కడియాలు.
పెన్సిలుకి ఒకటి తొడిగి
దాని మీదికి రెండోది వదిలాను.
పడలేదు.
గాల్లో ఆగి కాస్త వణికింది.
తొమ్మిదో తరగతి మొత్తం ముందుకి వంగింది.

"రైలు కూడా ఇలాగే.
పట్టా మీద కాదు, బెత్తెడు ఎత్తున.
చక్రం లేదు, రాపిడి లేదు,
గంటకి అయిదు వందల కిలోమీటర్లు."
తిలారు నుంచి విశాఖకి
బోర్డు మీద లెక్క కట్టాం.
పదహారు నిమిషాలు!
చివరి బెంచీలోంచి తవిటినాయుడు లేచి
"మనూర్లో ఆగుతాదేటి టీచర్?" అన్నాడు.
సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

రాత్రి, మా నాన్నకి చూపించాను.
కీమేన్ గవరయ్య:
భుజాన పానా, చేతిలో సుత్తి,
ముప్ఫయ్యొక్క ఏళ్లు పట్టా వెంట నడక.
చలికి ఇనుము చీలిన చోటు
చీకట్లో సుత్తి మోతని బట్టి చెప్పేస్తాడు.
పై కడియాన్ని బొటనవేలితో నొక్కాడు,
వదిలాడు, మళ్లీ నొక్కాడు.
"లోపలేటో ఉందే."
"ఏమీ లేదు నాన్నా, ఖాళీ."
"కాళీ అయితే నా ఏలునెందుకు తోస్తాది?"

అన్నం ముందు చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత సోములత్త పేరెత్తాడు.

ఉద్దానం నుంచి విశాఖకి వారానికి రెండు మార్లు
రక్తం కడిగించుకోడానికి వెళ్లేది,
సూదుల చెయ్యి కొంగులో దాచుకుని
తలుపు పక్కన నేల మీద కూచుని.
తిరుగుప్రయాణంలో ఓ రోజు
పాసింజరుని పక్క లైన్లో నిలిపేశారు,
వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందని.
ఎక్స్‌ప్రెస్ వచ్చింది, వెళ్లింది,
ఇంకోటి వచ్చింది.
నీళ్లు అరగ్లాసుకి మించి తాగకూడని మనిషి
ఆ ఎండలో, ఆ డబ్బాలో
సిగ్నల్ వైపు చూస్తూ.

"ఎగిరితే ఎగరనీ" అన్నాడు నాన్న.
"ఎవుల్నీ పక్కకి నెట్టకుండా ఎగరమను."

పొద్దున లేచేసరికి
పెన్సిలుకి ఒక్క కడియమే ఉంది.
మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి
జేబులోంచి రెండోది తీసి బల్ల మీద పెట్టాడు,
అంచంతా తుప్పు రంగు పొడి.
"పట్టా పక్కకి ఆనించి సూసేను.
కరుసుకుపోనాది గుంటా,
పీకడానికి రెండు సేతులూ పట్టేయి."

నవ్వుతున్నాడు.
నేను తుడవకుండా
అలాగే బడికి పట్టుకెళ్లాను.