వరస

మేకన్‌లో మే నెల ఎండ
మన రోహిణి కార్తెకి ఏమీ తీసిపోదు.
ఆ ఎండలో, చర్చి మెట్ల దగ్గర మొదలై
మందుల షాపు మలుపుదాకా వరస.
పెట్టెలో పడుకున్న ప్రొఫెసర్ టారంట్ గారిని
చివరిసారి చూసుకోవడానికి.
నా ముందు నలభై రెండు మంది.
లెక్కపెట్టడం ఆయన అంటించిన జబ్బే.

ఆస్పత్రులు నడపడం ఎలాగో చెప్పేవారు మాకు.
మొదటి రోజు పుస్తకం తెరవలేదు.
మా ఫోన్లన్నీ ఒక అట్టపెట్టెలో వేయించుకుని
ఎమర్జెన్సీ బయటి కుర్చీల్లో నాలుగు గంటలు కూర్చోబెట్టారు.
"చూసింది రాయండి" అన్నారు, అంతే.
నేను రాశాను: గోడ గడియారం ఏడు నిమిషాలు వెనక.
పక్క కుర్చీ ముసలామె
కుడి చెప్పు ఎడమ కాలికి తొడుక్కుంది.
పదికి తొమ్మిది వేశారు.
అంచున ఎర్ర సిరాతో:
"ఆ సంగతి ఆమెకు చెప్పావా?"

ఆదివారాలు తెల్ల చేతిగుడ్డలు తొడుక్కుని
తలుపు దగ్గర నిలబడి అందరికీ చోటు చూపించేవారు.
ఆరాధన అయ్యాక వంటగది బల్ల మీద బీపీ మిషను.
ఉప్పు మానమని ఊరందరికీ చెప్పి
వేయించిన చేపకి తనే రెండోసారి పళ్ళెం పట్టేవారు.
ఒడెస్సా గారు దూరంనుంచే చూపుడువేలు ఊపేది.
ముగ్గురు కూతుళ్ళకి, వాళ్ళ చిన్నప్పుడు,
శనివారం రాత్రి జడలు ఆయనే అల్లేవారట.
బడ్జెట్ పట్టికలో గీతలంత నిటారుగా పాపిళ్ళు.

ఒకసారి చెప్పాను,
మా పేటలో రేషన్ షాపు ముందు
మనిషికి బదులు రాయి పెట్టి ఇంటికెళ్ళేవాళ్ళమని.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"రాయికి కాళ్ళు నొప్పెట్టవు" అన్నారు.
మరుసటేడు కౌంటీ క్లినిక్‌లో
నంబరు చీటీ ఇచ్చి ఇంటికి పంపడం మొదలైంది.
దాన్ని మాలో మేం రాయి అనే పిలిచేవాళ్ళం.

ఇంకో రోజు,
వరస అంటే మా భాషలో ఇదొక్కటే కాదండీ,
ఎవరు ఎవరికి ఏమవుతారో
అదీ వరసే, అన్నాను.
"రెండింటికీ ఒకటే మాటా?"
ఒకటే.
చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు చెప్పారు ఆ ఫిబ్రవరి రాత్రి.
ఒడెస్సాకి కడుపునొప్పి.
ఆస్పత్రి పెద్ద ఆయన శిష్యుడే,
జేబులోని ఫోన్లో అతని నంబరు.
తీయలేదు.
ఎదుట జ్వరంతో ఒక పసివాడు, వాడి తల్లి,
రక్తం కారుతున్న చేతిని తువ్వాల్లో చుట్టుకున్న వడ్రంగి.
అయిదు గంటల పది నిమిషాలు.
లోపల పేగు చిట్లింది.
ఆమె బతికింది, కానీ
లేచి నడవడానికి ఎండాకాలం దాకా పట్టింది.
నడిపి కూతురు వెర్లీన్
"నీ న్యాయం అమ్మ మీదేనా నాన్నా" అని
పద్నాలుగు నెలలు ఆ గడప తొక్కలేదు.

"తప్పు చేశానా అని దేవుణ్ణి రోజూ అడుగుతున్నాను.
జవాబు రాలేదు.
నా ముందు ఇంకా చాలామంది ఉన్నట్టున్నారు."
నవ్వుతారనుకున్నాను.
నవ్వలేదు.

నేనిప్పుడు రాత్రిపూట మంచాలు పంచే ఉద్యోగంలో ఉన్నాను.
మూడు మంచాలు, పదకొండు పేర్లు.
కొన్ని రాత్రులు ఆయన మీద కోపం వస్తుంది,
ఎందుకో చెప్పలేను.

చర్చి తలుపు తెరుచుకుంది.
నల్ల గౌనులో వెర్లీన్.
వరస పొడుగునా నడుస్తూ వచ్చి
నా ముందున్న ముసలాయన మోచెయ్యి పట్టుకుంది.
"లోపల చల్లగా ఉంది, కూర్చోండి. మీ వంతు ఎక్కడికీ పోదు."
ఆయన నిలబడ్డ చోట
ఒక అట్ట విసనకర్ర పెట్టింది.
గాలికి ఎగరకుండా
మొక్కల పాదులోంచి ఓ రాయి తీసి దానిమీద ఉంచింది.

ఆయన ఆమెకు చెప్పారో లేదో,
చెబితే ఎప్పుడు చెప్పారో,
అడగాలనుకున్నాను. అప్పటికే ముందుకెళ్ళిపోయింది,
ఊతకర్ర పట్టుకున్న ఇంకొకావిడ దగ్గరికి.

వరస ఒక అడుగు కదిలింది.
కాలితో తోసేద్దునేమో, ఆగాను.
వంగి, రెండు చేతులతో
రాయినీ విసనకర్రనూ
ముందుకు జరిపాను.